డ్రైవరన్న చదవమన్న పుస్తకం

మాదాపూర్‌లోని మా ఆఫీసుకు వెళ్లే క్యాబ్‌లో మొదటి పికప్ నాదే. నేను చందానగర్‌లో ఎక్కేదాన్ని, మిగతా ఇద్దరూ కొండాపూర్‌లో. అందాకా బండిలో నేనూ డ్రైవరూ అంతే. నడివయసు మనిషి, మాట తక్కువ. ట్రాఫిక్ ఆగినప్పుడల్లా సీటు పక్కనుంచి ఒక పుస్తకం తీసి రెండు లైన్లు చదివేవారు. ముందు బండి కదలగానే దాన్ని బోర్లా పెట్టేసేవారు. పేపరుతో అట్ట వేసి ఉండేది, పేరు కనపడేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏం పుస్తకమండీ అది?"

"మిల్లుల పనిచేసెటోళ్ల చరిత్ర మేడమ్. ఇంగ్లీషుల ఉంది. సగం సమజైతది, సగం కాదు. మీకు కావాల్నా?"

అలా మొదలైంది. ఆయన వెనకటి కథ తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. తెలంగాణ ఉద్యమంలో తిరిగిన మనిషి. తర్వాత యాప్ మీద క్యాబ్ నడిపారు. డ్రైవర్ల తరఫున ధర్నా చేశాక ఆయన ఐడీ బ్లాక్ అయింది. అప్పుడు మా ఆఫీసుకు బండ్లు పెట్టే కాంట్రాక్టరు దగ్గర చేరారు. క్యాబ్ డ్రైవర్ల, డెలివరీ వాళ్ల సంఘానికి ఇప్పటికీ ఆయనే పెద్ద. కథలూ నవలలూ ఆయనకు పట్టవు. "జరిగిన సంగతి రాసిన బుక్కులే చదవాలె. మనకాడ టైమ్ ఏడుంది?" అనేవారు.

మిల్లుల పుస్తకం చదివి తిరిగిచ్చాను. మర్నాడే ఇంకొకటి చేతిలో పెట్టారు. ఊళ్ల చుట్టూ ఉన్న మెట్ట చెలకలూ గుట్టలూ చేతులు మారి నగరం ఎలా అవుతుందో చెప్పే పుస్తకం అది. అది చదువుతున్నన్నాళ్లూ కిటికీలోంచి చూస్తుంటే, రోజూ పోయే రోడ్డే ఎవరిదో పొలంలా కనిపించేది. ఆ మాట చెబితే ఆయన అద్దంలోంచి నన్ను చూసి మొదటిసారి నవ్వారు.

మూడో పుస్తకం ఇచ్చేటప్పుడు మాత్రం ఒక కోరిక కోరారు.

"ఇది ఫోన్ల మీద పని పంచే కంపెనీల గురించి. నేనొక్కన్ని చదివితే ఫాయిదా లేదు, మావోళ్లకు వినిపియ్యాలె. ఆదివారం పొద్దుగాల జర వచ్చి తెలుగుల చదివి చెప్తరా?"

చూస్తానండీ అని పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. మధ్యలో ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయాను. వచ్చిన ట్రిప్పు వద్దన్న మనిషికి స్కోరు ఎలా తగ్గుతుందో, తగ్గినకొద్దీ వరసలో ఎలా వెనక్కి పోతాడో, చివరికి ఫోను మోగడమే మానేసి ఐడీ ఎలా పోతుందో అందులో ఉంది. అది నాకు కొత్త విషయం కాదు. నా ఉద్యోగమే అది. మా కంపెనీ వేరే దేశపు డెలివరీ సంస్థకు సాఫ్ట్‌వేర్ రాసిస్తుంది. ఎవరికి ముందు పని ఇవ్వాలో తేల్చే భాగం మా టీమ్‌ది. మాకు దాంట్లో కనపడేవి ఐడీలు. పుస్తకంలో మాత్రం ఒక మనిషి, అతని ఇల్లు, మోగని ఫోను ఉన్నాయి.

మర్నాడు క్యాబ్ ఎక్కగానే చెప్పేద్దామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "మీరొస్తరని మావోళ్లకు చెప్పిన. మస్తు ఖుష్ అయిన్రు" అన్నారు. ఎన్ని గంటలకు రావాలని మాత్రం అడిగాను.

ఆదివారం వాళ్లు కూర్చునేది చందానగర్‌లో ఒక ఫంక్షన్ హాలు పార్కింగ్‌లో. పెళ్లిళ్లు లేని రోజున వాచ్‌మన్ రానిచ్చేవాడు. ప్లాస్టిక్ కుర్చీలు, చాయ్ ఫ్లాస్కు. నేను కృష్ణా జిల్లాలో చర్చిలో వాక్యం చదువుతూ పెరిగినదాన్ని, పదిమందిలో గొంతెత్తడం కొత్త కాదు. కష్టమల్లా ఇంగ్లీషు చూస్తూ తెలుగు చెప్పడం. అల్గారిథమ్ అనే మాట దగ్గర తడబడ్డాను. "లెక్క ప్రకారం పని పంచేది" అని ఏదో వివరించబోతే, వెనకనుంచి ఒకాయన, "మేస్త్రి అను మేడమ్. కనపడని మేస్త్రి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆరోజునుంచి మా పుస్తకంలో అది మేస్త్రే.

వారానికి కొంత చొప్పున చదివాం. జనం పెరిగారు. నేను భయపడుతున్న అధ్యాయం దగ్గరపడింది.

అది చదివిన రోజు ముందువరసలో ఒక కుర్రాయన కూర్చున్నాడు. భార్యను కాన్పుకు దవాఖానలో చేర్చి, అక్కడినుంచి ట్రిప్పులు వరసగా కాదన్నాడట. తర్వాత అతని ఐడీ పోయింది. నేను చదువుతున్నంతసేపూ నేల చూస్తూ విన్నాడు. పేజీ అయిపోగానే తలెత్తాడు.

"ఈ మేస్త్రిని ఎవరు తయారు చేస్తరు మేడమ్? ఎవరో మనిషే కదా?"

"మనుషులేనండీ."

"ఏడుంటరు గా మనుషులు?"

మాదాపూర్‌లో అని చెప్పి ఊరుకోవచ్చు. అబద్ధం కాదు. కానీ అతను నా మొహంలోకే చూస్తున్నాడు.

"నేనూ అలాంటిదే రాస్తానండీ," అన్నాను. "మీ యాప్‌ది కాదు. వేరే దేశంలో డెలివరీ వాళ్లది."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినపడింది. అతను లేచి నిలబడ్డాడు.

"వేరే దేశపోనికి పెండ్లాం ఉండదా? ఆళ్లకు దవాఖానలుండవా?"

పక్కనుంచి ఎవరో ఫోను తీసి వీడియో పట్టారు. "కంపెనీ మనిషిని తెచ్చి మన నడిమిట్ల కూసోబెట్టిన్రు" అని ఇంకెవరో అరిచారు. డ్రైవరన్న లేచి ఫోనుకు చేయి అడ్డం పెట్టారు. "ఫోన్ లోపల పెట్టు. ఆడమనిషి నిజం చెప్పింది. అరిస్తే ఏమొస్తది?" అన్నారు. కానీ నావైపు చూడలేదు. ఆ కుర్రాయన వెళ్లిపోయాడు. అతని వెనకే సగం మంది లేచారు. పుస్తకం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

సోమవారం క్యాబ్ వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. సీటు పక్కన పుస్తకం లేదు.

మియాపూర్ దాటాక, "నేను ముందే చెప్పాల్సింది," అన్నాను.

"అవును. చెప్పాల్సుండె." సిగ్నల్ పడేదాకా ఆగి మళ్లీ అన్నారు. "చెప్తే పిలవకపోదునా? పిలుద్దును. మొదలే చెప్పి చదివిద్దును. ఇప్పుడు నన్నడుగుతున్నరు, కంపెనీకి ఖబర్ ఇయ్యనీకి తెచ్చినవా అని."

కొండాపూర్‌లో మిగతా ఇద్దరూ ఎక్కారు. మాట అక్కడితో ఆగిపోయింది.

వీడియో వాట్సాప్‌లో ఎటెటో తిరిగి ఆ వారంలోనే మా ఆఫీసుకు చేరింది. నన్ను చిన్న మీటింగ్ రూములోకి పిలిచారు. హెచ్ఆర్ ఆవిడ, మా మేనేజరు. మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపి ఆవిడ మొదలుపెట్టింది.

"కంప్లైంట్ కాదండీ, క్లారిటీ కోసమే. క్లయింట్ ఇన్ఫర్మేషన్ ఏమైనా షేర్ చేశారా?"

"లేదండీ. షాపులో దొరికే పుస్తకం చదివాను."

"ఎవరు చదవమన్నారు?"

లాప్‌టాప్ నావైపు తిప్పారు. వీడియోలో నేను పుస్తకంతో నిలబడి ఉన్నాను. చివర్లో ఒక చేయి అడ్డం వస్తుంది. ఆ చేయి ఎవరిదో నాకు తెలుసు. వీళ్లకు తెలుసో లేదో తెలియదు. ఇంటి లోను, పాప స్కూలు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"చదివింది నేనండీ. ఏదైనా నన్నే అడగండి," అన్నాను.

ఆవిడ అదే ప్రశ్న ఇంకోలా అడిగింది. నేను అదే జవాబిచ్చాను. మేనేజరు తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, నన్ను కాపాడాలనే చూస్తున్నాడు. అంత భయంలోనూ ధైర్యం ఎలా వచ్చిందో, ఆయన్నే అడిగాను.

"హాస్పిటల్లో ఉండి పని వద్దన్నా మన సాఫ్ట్‌వేర్ స్కోరు తగ్గిస్తుంది కదండీ. కారణం చెప్పుకునే వీలు పెడదామా?"

"క్లయింట్ అడగలేదమ్మా," అన్నాడు. వెంటనే, "ఇప్పుడా ఇది అడిగేది?" అన్నాడు.

ఉద్యోగం పోలేదు. హెచ్చరిక మెయిల్ వచ్చింది, నన్ను బ్యాంకు ప్రాజెక్టులోకి మార్చారు. ఆ తర్వాతి సోమవారం చందానగర్‌లో నా ముందు ఆగిన క్యాబ్‌లో వేరే డ్రైవర్ ఉన్నాడు. వెంటనే ఫోన్ చేశాను.

"నేను మీ పేరు చెప్పలేదన్నా."

"తెలుసు చెల్లె. పేరు చెప్పాల్నా? సంఘపోడని కాంట్రాక్టర్‌కు ఎప్పటికెల్లో ఎరుకే, వీడియో సాకు దొరికింది, తీసేసిండు. నువ్వు ఫికర్ చెయ్యకు. నడుపుకోనీకి కిరాయికి ఆటో మాట్లాడుకున్న."

అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను చెల్లె అనలేదు.

"ఆదివారం వస్తవా?" అన్నారు.

"రానిస్తారా?"

"రా. వచ్చినంక చూద్దాం."

వెళ్లాను. కుర్చీలు మునుపటికంటే తక్కువ ఉన్నాయి. ఆ కుర్రాయన వచ్చాడు. కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను ముందుగా మా ఆఫీసులో నేనేం చేసేదాన్నో, మీటింగ్ రూములో ఏమడిగానో, ఏం జవాబొచ్చిందో చెప్పాను. ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఎవరో చాయ్ పోసి ఇచ్చారు.

"ఆ బుక్కుల మనిషికి ఐడీ మళ్లొచ్చిందా?" స్తంభం దగ్గరనుంచి కుర్రాయన అడిగాడు.

"అది రాయలేదండీ."

"నాదీ రాలే." నా చేతిలోని పుస్తకం వైపు చూశాడు. "స్కూలు వ్యాన్ నడుపుతున్న ఇప్పుడు. మల్ల మొదటికెల్లి చదువుర్రి. ఆనాడు కోపంల సగమే ఇన్న."

డ్రైవరన్న ఒక కుర్చీ అతనివైపు జరిపారు. నేను అధ్యాయం మొదటి పేజీ తీసి చదవడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం వెనకదాకా వినపడలేదు. "గట్టిగ" అన్నారు వెనకనుంచి. మళ్లీ చదివాను.