సెక్రటరమ్మ ఇంటి నల్లా గుంత

ఆ రోజుల్లో నాకు నా సంతకం మీద విపరీతమైన నమ్మకం. జనగామ నుంచి గంగారం అవతలి ఊరికి పంచాయతీ సెక్రటరీగా కొత్తగా వెళ్లాను. కాగితం కింద సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆఫీసు గోడకు అంటిస్తే ఊరంతా సర్దుకుంటుందనుకునేదాన్ని. (ముద్ర నిటారుగా పడాలని చిత్తు కాగితాల మీద సాధన కూడా చేశాను.)

ఊళ్లో ఇంటింటికీ నల్లా (కుళాయి) ఉంది, నల్లా చుట్టూ గుంత కూడా ఉంది. పైపును ఎంత కిందికి దించితే నీళ్లు అంత జోరుగా వస్తాయి కాబట్టి, పక్కింటివాళ్లు జానెడు తవ్వితే వీళ్లు మూరెడు తవ్వేవాళ్లు. గుంతలో దిగి బిందెలు నింపి పైకి అందించడం అక్కడ మామూలు పని. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలవ్వ నల్లాకు మాత్రం చుక్క వచ్చేది కాదు. మోకాళ్లు పట్టేసినా బోరింగు దాకా నడిచి, చేతిపంపు కొట్టుకుని మోసుకొచ్చేది. చూసి నాకు జాలి వేసింది, అంతకంటే ఎక్కువ పౌరుషం వచ్చింది.

గుంతలన్నీ పూడ్చాలి, నల్లాలు ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే కనెక్షన్ తీసేస్తామని నోటీసు అంటించాను. ఎవరూ కదల్లేదు. ఇల్లిల్లూ తిరిగాను. అందరూ మర్యాదగా మంచినీళ్లిచ్చి (ఆ గుంతలోవే), "ముందు పక్కోళ్లను పూడ్చమనుండ్రి మేడం, మాదేముంది, గింతంత" అన్నారు. చివరికి అవ్వ దగ్గర కూర్చుని, "ఎవ్వలు మాట వింటలేరు అవ్వా" అని వాపోయాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "బిడ్డా, పైపు లైన్ల నా ఇంటికి ముందున్నది నువ్వు కిరాయికున్న ఇల్లే గదా. గా గుంతల మనిషి దిగితే తలకాయ గూడ కనవడది. నువ్వు పొద్దుగాల తానం జేస్తున్నవంటే, నాకు నీళ్లు రావని ఎర్కయితది."

నేరుగా ఇంటికొచ్చి గుంతలోకి తొంగిచూశాను. ఆ గుంత నేను రోజూ చూసేదే, దానికి మెట్లు కూడా ఉన్నాయి. అయినా నోటీసులో రాసింది దాని గురించి కూడానని నాకు తట్టలేదు. పూడుస్తానంటే ఇంటి యజమానురాలు, నేను అక్కా అని పిలిచే ఆమె, ససేమిరా అంది. "మన ఇల్లు మిట్ట మీదుంది మేడం. పూడిస్తే నీళ్లు ఏడికెళ్లొస్తయి?"

"రాకపోతే నేను మోస్త అక్కా" అన్నాను, మోయాల్సిన అవసరం రాదన్న ధైర్యంతో. మట్టి నేనే పోశాను. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎవరూ చెయ్యి వేయలేదు గానీ, ఎట్లా పోయాలో మాత్రం అందరూ చెప్పారు.

మర్నాడు మా నల్లా దారంలా కారి ఆగిపోయింది. అక్క ఖాళీ బిందె నా ముందు పెట్టి లోపలికి వెళ్లింది. బోరింగుకు బయల్దేరితే అవ్వ తన వాకిట్లోంచి పిలిచింది. ఆమె నల్లా ధారగా పోస్తోంది. చాట, జల్లెడ తప్ప ఇంట్లో ఉన్నవన్నీ నింపేసింది.

"నీకు వస్తలేవట గదా. గీ నీళ్లు తీస్కపో బిడ్డా. బోరింగు దాక నడిస్తే మోకాళ్లు పోతయి, నాకు తెల్సు."

ఆ బిందె నడుమున పెట్టుకుని, చున్నీ తడుపుకుంటూ, అందరి నవ్వుల మధ్య తలదించుకుని నడిచాను. ఆ తర్వాత ఎన్నో ఊళ్లకు నీళ్లిప్పించే పనులు చూశాను, వాటి గురించి సమావేశాల్లో గట్టిగానే మాట్లాడతాను. కానీ తలుచుకుంటే ఆ రోజు బిందెతో తలదించుకుని నడిచిన ఆ పిల్లే, అప్పటి నేనే, గుర్తొస్తుంది. తలెత్తుకుని నడవవే పిచ్చిదానా, నీ ఉద్యోగంలో ఇంతకంటే మంచి రోజు మళ్లీ రాదు అని చెప్పాలనిపిస్తుంది.