ఆ మధ్యాహ్నం నేను చదివిన కాగితం

పంతొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నలుగురూ మెచ్చుకుని నా భుజాల మీద కప్పిన అబద్ధం అది. అందుకే బరువుగా ఉందని ఎవరితోనూ అనలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

పాతబస్తీలో ఒక చిన్న కేబుల్ టీవీలో నేను వాతావరణం చెప్పేవాణ్ణి. నా చదువు ఏడో తరగతితో ఆగింది. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పనిచేస్తూ, ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని మబ్బుల సంగతి నేర్చుకున్నాను. ఉరుము వినబడితే బేరం మధ్యలో వదిలేసి మేడెక్కేవాణ్ణి. సేఠ్ కింద నుంచి తిట్టేవాడు. పిచ్చి అనండి. ఆ పిచ్చే నన్ను టీవీ దాకా తీసుకెళ్లింది. ఎనిమిదేళ్లు నా అంచనా నేనే చెప్పాను. కొన్నిసార్లు తప్పాను. ఎవరు తప్పరు?

తర్వాత చానెల్ వాళ్లు డిగ్రీ ఉన్న ఒకాయన్ని పెట్టుకున్నారు. ఇక ఆయన రాసివ్వాలి, నేను చదవాలి. అంతే. వచ్చిన రోజే ఆయన, వాన కొలవడానికి నేను చేసుకున్న స్టీలు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దాయనా, ఇందులో బియ్యం కూడా కొలుస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

ఆ రోజు పొద్దున్నుంచే గాలి ఆడలేదు. ఇంట్లో నా బారోమీటర్ ముల్లు గంట గంటకూ దిగుతోంది. ముల్లు దిగిందంటే పెద్ద వాన వస్తుందని. అంత కిందికి దిగడం నేనెన్నడూ చూడలేదు. మధ్యాహ్నం ఒంటిగంట వార్తలకు నా చేతికిచ్చిన కాగితంలో మాత్రం "అక్కడక్కడా తేలికపాటి జల్లులు" అని ఉంది. చదువుతూ ఒక్క మాట కలిపితే నన్ను ఆపేవాళ్లెవరు? ఎవరూ లేరు. అక్షరం మార్చకుండా చదివాను.

బయటికొస్తే గేటు దగ్గర మల్లేశ్, బండికి పాలక్యాన్లు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. గౌలిపురలో మా సందువాడే. అతని బర్రెల కొట్టం మురికినీటి నాలా పక్కన, పల్లంలో ఉంది. వానాకాలమంతా నన్ను అడక్కుండా ఏ పనీ చేసేవాడు కాదు.

"అన్నా, టీవీల గట్ల చెప్పినవ్. మబ్బు జూస్తె భయమైతుంది. బర్లను ఇడిసి ఎత్తు మీదికి తోల్కపోవాల్నా?"

"కాగితంల గదే ఉంది మల్లేశ్."

"కాగితం సంగతి ఇడువు. నీ ముల్లు ఏమంటుంది?"

"నా ముల్లుతోని ఇప్పుడెవలికి పనుంది? డిగ్రీ ఆయన రాసిండు గద."

మల్లేశ్ నవ్వాడు. "కోపంల ఉన్నవ్ లే. సరే, నీ నోటితోని చదివినవ్, నాకు గంతే చాలు. ఇగ ఫికర్ లేదు."

బండి సందు మలుపు తిరిగేదాకా కనిపించింది. పిలవచ్చు. పిలవలేదు. ఎందుకు? డిగ్రీ ఆయన రాత తప్పు కావాలి, అందరి కళ్లకూ కనిపించేంత పెద్ద తప్పు కావాలి అనుకున్నాను, ఆ తప్పుకు మల్లేశ్ కొట్టం కూడా మునుగుతుందని తెలిసీ ఆ ఆలోచనను అక్కడితో ఆపేశాను. ఇంకొకటి కూడా ఉంది. నాకు ఆ వాన కావాలి. ఇంటికెళ్లి మేడెక్కి కూర్చున్నాను. అంత అందమైన మబ్బును నేను జన్మలో చూడలేదు.

మూడున్నరకు మొదలైంది. ఐదింటికల్లా నాలా పొంగింది. మల్లేశ్ బర్రెలు నాలుగూ గుంజలకు కట్టినవి కట్టినట్టే మునిగి చచ్చిపోయాయి. పలుపులు కోద్దామని నీళ్లలోకి దిగిన అతని భార్యకు కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతుంది.

ఆ వారమే నేను టీవీలో, "నాకు ముందే తెలుసు, నన్ను చెప్పనివ్వలేదు" అన్నాను. డిగ్రీ ఆయన ఉద్యోగం ఊడింది. బస్తీ వాళ్లు నాకు సన్మానం చేశారు. శాలువా కప్పింది మల్లేశే. ఈనాటికీ చాయ్ హోటల్లో ఎవరైనా ఆ వాన మాటెత్తి నన్ను తప్పుపడితే, "మా అన్నను నోరు తెరవనియ్యలే" అని వాళ్ల మీదికి లొల్లికి పోతాడు. నేను పక్కనే కూర్చుని చాయ్ తాగుతుంటాను.

చదువు లేనివాణ్ణని నన్ను తొక్కారని ఇన్నేళ్లూ అరిచాను. తొక్కారు. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ మల్లేశ్ నన్నేం చేశాడు? గేటు దగ్గర కాగితమూ లేదు, కెమెరా లేదు. నన్ను నమ్మినవాడు ఒక్కడున్నాడు, అంతే.

అతనికి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతుల్లో లేదు. నన్ను ఎవరూ ఆపలేదు. అతను అడిగాడు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఈ మాటలు ఇలా వరసగా రాయడం ఇదే మొదటిసారి. రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. ఈసారి రాత నాదే, గొంతు కూడా నాదే అనిపించింది.