ఆగిపోయే డ్రిల్లు మేష్టారు

మన్మథరావు మేష్టారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతారు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. ముప్పయ్యేళ్ళు హైస్కూలు పిల్లల చేత లెఫ్ట్ రైట్ కొట్టించిన డ్రిల్లు మేష్టారే, ఇప్పుడు నలుగురితో కలిసి బయల్దేరితే వరసగా ఇరవై అడుగులు వేయరు. కాశీబుగ్గ నుంచి పలాస స్టేషనుకి ఆయనతో నడిచి వెళ్ళి, అనుకున్న రైలెక్కినవాళ్ళు లేరు. దారిలో ఫోను మోగుతుంది. మోగకపోతే, ఎందుకు మోగలేదా అని తీసి చూసుకుంటారు.

అలాంటి మనిషి మహేంద్రగిరి ఎక్కుదాం రమ్మనేసరికి విజయకుమారి టీచరు పకపకా నవ్వింది.

"స్టేషను దాకా నడవలేనోరు కొండెక్కుతారా మేష్టారూ?"

"ఎక్కుతానమ్మా. ఎప్పటికి ఎక్కుతానో మాత్రం అడక్కు."

నవ్విందే గానీ, ఆమె మనసు ఎగిరి గంతేసింది. మందస దగ్గర స్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్ళూ కిటికీలోంచి ఆ కొండనే వేలు పెట్టి చూపించేది. ఒక ఏడాది ఒక పిల్ల లేచి "మీరెక్కినారా టీచర్?" అని అడిగింది. ఆ తర్వాత వేలు చూపించాలంటే ఆమెకే మొహమాటంగా ఉండేది. ఇప్పుడు రిటైరైంది, మోకాళ్ళు అరిగాయి. మేనకోడలు జ్యోత్స్న అయితే "నువ్వు జీపులో కూచో అత్తా, నేనెక్కి వీడియో తీసుకొస్తాను" అంది. ఆ మాటకే పట్టుదల వచ్చి విజయకుమారి కొత్త బూట్లు కొనుక్కుంది.

డిసెంబరు ఆదివారం పొద్దున్నే జీపు నలుగురినీ కొండ కింద దింపింది. నాలుగోవాడు జీడిపప్పు వ్యాపారి పోలారావు. మేష్టారికి బావ. తనకంటే తన పొట్ట ఒక అడుగు ముందు నడుస్తుంది.

దారి నిటారుగా మొదలైందో లేదో మేష్టారు చీమలబారు చూపిస్తూ చెయ్యెత్తారు. "ఆగండర్రా! ఈ సీమల్ని సూడండి, ఎలా పోతన్నాయో."

"మీ ఇంట్లో సీమలు నేవా బావా?" అన్నాడు పోలారావు రొప్పుతూ.

"మా ఇంటి సీమలు కొండెక్కవు కదా."

మరికాస్త దూరం పోగానే ఆయన బూటు లేసు ఊడింది. గంటలో అయిదుసార్లు ఊడింది. "లేసుల్లేని బూట్లు కొనుక్కోవచ్చు కదా మేష్టారూ?" అంది జ్యోత్స్న.

"కొన్నానమ్మా. కట్టుకోడానికేటీ నేదని ఇచ్చీసినాను."

ఇంకాస్త పైకెళ్ళాక సంచీలోంచి మందస కోవా తీశారు. "ఇక్కడ కోవా తినకపోతే కొండదేవుడికి కోపమొత్తాది."

"ఎవరు చెప్పారు?"

"కోవా అమ్మినోడు."

పదయింది. సగం కూడా ఎక్కలేదు. చీకటి పడకముందే దిగిపోవాలని జీపు డ్రైవరు మరీ మరీ చెప్పాడు. జ్యోత్స్నకి ఓపిక అయిపోయింది. "వీళ్ళతో అయితే పైకెళ్ళేసరికి నేను ముసల్దాన్నైపోతాను. రా అత్తా!" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

కాసేపు విజయకుమారికి హుషారుగానే ఉంది. పావుగంటయ్యేసరికి గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. ఆగుదామని నోటిదాకా వచ్చింది, కానీ జ్యోత్స్న 'జీపులో కూచోమన్నాను కదా' అంటుందేమోనని మింగేసింది. చివరికి కళ్ళు తిరిగి ఒక రాయి మీద కూలబడింది.

"నావల్ల కాదమ్మా. నువ్వెళ్ళు."

జ్యోత్స్న మొహం పాలిపోయింది. సీసాలో నీళ్ళయిపోయాయి. పైన ఊట ఉందని డ్రైవరు చెప్పింది గుర్తొచ్చి పరుగెత్తింది.

ఒంటరిగా కూచున్న విజయకుమారికి అప్పుడు తట్టింది. పొద్దుట్నుంచి తను ఒక్కసారి కూడా ఆగుదామని అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు. చీమలు, లేసు, కోవా... అన్నీ సరిగ్గా తనకి ఊపిరందని చోటే వచ్చాయి!

ఇంతలో కింద రాళ్ళు దొర్లిన చప్పుడైంది. మన్మథరావు మేష్టారు తన సంచీ ఒక భుజాన, పోలారావు సంచీ మరో భుజాన వేసుకుని, బండ మీంచి బండ మీదికి మేకపోతులా గెంతుతూ వస్తున్నారు. నుదుటి మీద చెమట చుక్క లేదు. కళ్ళల్లో మాత్రం కంగారు. ఆమె కనబడగానే చటుక్కున తన నడుం తనే పట్టుకున్నారు.

"ఓలమ్మ! నడుం పడిపోనాదమ్మా. కాసేపు ఆగుదుమా?"

"మేష్టారూ, మీకు ఆయాసం లేదు."

"ఉందమ్మా. లోపలుంది."

ఆమె చూపు తిప్పలేదు. ఆయన దొరికిపోయినవాడిలా పక్క రాయి మీద కూచున్నారు.

"రోజూ పిల్లల్ని పరుగెట్టించీవోడ్ని కదమ్మా. ఎనకబడ్డ పిల్లని ఆగమంటే ఏడిసీది. నేనాగితే నవ్వీది. అలా అలవాటైపోనాది."

"మరి ఆ లేసు?"

"దానికి ఏ పాపమూ తెలీదమ్మా. నేనే ఇప్పీసీవోడ్ని."

విజయకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. జ్యోత్స్న తెచ్చిన నీళ్ళు తాగింది. పోలారావు పాక్కుంటూ వచ్చి చేరాడు. అక్కణ్ణించి ఆమె సిగ్గుపడలేదు. "నాకు ఆయాసంగా ఉంది, ఆగండి" అని గట్టిగా చెప్పింది. పద్నాలుగుసార్లు చెప్పింది. ప్రతిసారీ "బతికించినావు టీచరమ్మా" అంటూ అందరికంటే ముందు పోలారావే కూలబడ్డాడు.

ఒంటిగంటన్నరకి శిఖరం మీద ఉన్నారు. నల్లటి రాతిగుడి, విసురుగా గాలి. దూరంగా ఉద్దానం కొబ్బరితోటలు, వాటికవతల బారువ వైపు సన్నగా మెరిసే సముద్రం. విజయకుమారి వంగి ఆ కొండరాయిని అరచేత్తో తాకింది. తర్వాత మేష్టారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మేష్టారూ, మీరే లేకపోతే నేనీ జన్మలో..."

మేష్టారి మొహం సిగ్గుతో కందిపోయింది. కోవా కోసం సంచీలో చెయ్యిపెట్టారు, అయిపోయింది. ఫోను తీశారు, సిగ్నల్ లేదు. ఇక దారిలేక గిరుక్కున వెనక్కి తిరిగి, గుడి చుట్టూ చకచకా నడవడం మొదలుపెట్టారు.

ఒక చుట్టు. రెండు చుట్లు. మూడు.

"ఓలమ్మో, బావ ఆగట్లేదే!" అని అరిచాడు పోలారావు.