వెనకవైపు పెన్సిల్ రాత

మా మామయ్య మంచివాడు కాదు. ఎనభై నిండిన మనిషి గురించి, అందులోనూ పిల్లనిచ్చిన మామ గురించి ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ మంచిగా మొదలుపెడితే మధ్యలో అబద్ధాలాడాల్సి వస్తుంది.

ముప్పై ఎనిమిదేళ్ళు ఒక అచ్చాఫీసులో బైండింగ్ గదికి మేస్త్రిగా చేశాడు. చేతిలో ఎప్పుడూ అడుగు పొడుగు స్టీలు స్కేలు ఉండేది. అట్ట వంకరగా కోసినవాళ్ళ వేళ్ళ మీద దాని అంచుతో కొట్టేవాడు. అందుకే అక్కడందరూ ఆయన్ని స్కేలు మేస్త్రి అనేవారు, ఎదురుగా కాదు. మా పెళ్ళికి వచ్చిన పాత పనివాడొకడు వంకర తిరిగిన చిటికెన వేలు నాకు చూపించి, “మీ మామగారి జ్ఞాపకం” అని నవ్వాడు. నవ్వుతూనే భోజనానికి వెళ్ళాడు గానీ, మామయ్య కూర్చున్న వరసలో మాత్రం కూర్చోలేదు.

ఇంట్లోనూ అదే స్కేలు. మా ఆవిడ పదేళ్ళప్పుడు అచ్చాఫీసు చెత్తలోంచి తెచ్చిన కాగితాలు కుట్టి, అట్ట వేసి, తండ్రికి చూపిద్దామని ఒక నోటుపుస్తకం తయారుచేసిందట. ఆయన దాని రెండట్టలూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. పుస్తకం వీపు ఫట్టున ఊడింది. “జిగురు పట్టలేదు” అని పక్కన పడేసి అన్నం కలుపుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ కథ నేను తక్కువలో తక్కువ రెండొందల సార్లు విన్నాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడ ఆ విరవడం రెండు చేతులతో చేసి చూపిస్తుంది.

అలాంటి మనిషికి మతిమరుపు వచ్చింది. అత్తయ్య పోయాక మా ఇంటికే తెచ్చుకున్నాం. మొదట పక్కింటివాళ్ళని మరిచిపోయాడు, తర్వాత దూరపు చుట్టాలని. ఇది తగ్గేది కాదు, పెరిగేదేనని డాక్టరు ఆయన ముఖం మీదే చెప్పాడు. మామయ్య ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. ఇంటికొచ్చి చెప్పుల పెట్టె ఒకటి ఖాళీ చేసుకుని, అందులో నలభై ఫొటోలు ఏరి పెట్టుకున్నాడు. పెన్సిల్ సూదిలా చెక్కి ఒక్కో ఫొటో వెనక రాయడం మొదలుపెట్టాడు. ఎవరు, వరస ఏమిటి, ఎలా పిలవాలి, ఏం మాట్లాడాలి. మతి పూర్తిగా జారకముందే ముగించాలని నాలుగు నెలలు రోజూ కూర్చుని రాశాడు.

ఆ తర్వాత ఆ పెట్టెతోనే బతికాడు. పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని ఒక్కో ఫొటో చూసేవాడు. ముఖం గుర్తొస్తే కుడివైపు పెట్టేవాడు. రాకపోతే తిప్పి, వెనకవైపు చదువుకుని, మళ్ళీ తిప్పి ముఖం చూసేవాడు. కొడుకు వస్తున్నానని ఫోన్ చేస్తే, ఆ ఫొటో వెతికి చొక్కా జేబులో వేసుకునేవాడు. గంట మోగగానే బాత్రూంలోకి దూరి ఒకసారి చూసుకుని బయటికొచ్చి, “రా పెద్దోడా!” అనేవాడు. మా బావమరిది మురిసిపోయేవాడు. “నాన్నకేం, రాయిలా ఉన్నాడు. మీరే ఊరికే కంగారు పడుతున్నారు” అని మమ్మల్నే ఎద్దేవా చేసి వెళ్ళేవాడు.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను పెట్టె తెరిచాను. పరాయివాళ్ళ రాతలు చదవడం తప్పే. కానీ ఇల్లు నాది, కుతూహలమూ నాదే. అత్తయ్య ఫొటో వెనక ఇలా ఉంది: “నా భార్య. చనిపోయింది. ఎక్కడుందని ఎవర్నీ అడగకు.” బావమరిది వెనక: “పెద్దవాడు. వస్తే నవ్వాలి. వాడి ఉద్యోగం గురించి మాట్లాడొద్దు.” మూడోది నాది. “అల్లుడు. ఉంటున్నది ఇతని ఇంట్లోనే. పనికిరాడు. తిండి మాత్రం వేళకి పెడతాడు.”

రెండేళ్ళుగా ఆయన వీపు రుద్దుతున్నది నేను. గోళ్ళు తీస్తున్నది నేను. ఒళ్ళు మండిపోయింది. మిగతావి చదవకుండానే మూత పెట్టేశాను. మా ఆవిడ ఫొటో వెనక ఏముందో ఆ రోజు చూడలేదు.

ఆయన ఎనభయ్యో పుట్టినరోజుకి ఇంకా నెల ఉందనగా, మా ఆవిడ తన చేత్తో ఆల్బమ్ తయారుచేస్తానంది. చిప్ బోర్డ్ అట్టలు తెచ్చింది. పూల కాగితాలు, తెల్ల జిగురు, కట్టర్, రిబ్బన్లు తెచ్చి భోజనాల బల్ల ఆక్రమించింది. ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని మొదలుపెట్టింది. మేం మూడు వారాలు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. మొదట అంటించిన నాలుగు అట్టలూ తెల్లారేసరికి అప్పడాల్లా వంగి కూర్చున్నాయి.

అటుగా వెళ్తున్న మామయ్య ఆగాడు. ఒక అట్ట తీసి కంటికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

“ఒకవైపే కాగితం వేస్తే వంగదా మరి? రెండోవైపూ వెయ్యి. రెండువైపులా లాగితేనే తిన్నగా ఉంటుంది. ఎవరే నిన్ను పన్లో పెట్టుకుంది?”

ఆయన దృష్టిలో అది బైండింగ్ గది. మా ఆవిడ కొత్తగా చేరిన పనిపిల్ల. ఆవిడ నావైపు చూసింది. “నేను నీ కూతుర్ని” అంటుందనుకున్నాను. అనలేదు. “ఇవాళే చేరానండీ” అంది.

ఇక చూడండి. కూతురికి ఒక్క ముక్క నేర్పని మనిషి, ముక్కూమొహం తెలియని పనిపిల్లకి విద్యంతా ధారపోశాడు. అట్టని ఇటూ అటూ వంచి చూపించాడు. “ఇటు లొంగుతోంది, అటు మొండికేస్తోంది. లొంగే వాటం వీపు పొడుగునా రావాలి. అడ్డంగా వస్తే పుస్తకం చచ్చేదాకా సరిగ్గా తెరుచుకోదు.” అట్టకీ వీపుకీ మధ్య రెండట్టల మందం సందు వదలమన్నాడు. “ఖాళీ పేజీలు చూసి వీపు కొలవకు. ఫొటోలు పడ్డాక పొట్ట ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి ఇప్పుడే చోటివ్వు.” జిగురు పల్చగా, మధ్యలోంచి అంచులకి తొయ్యమన్నాడు. పేజీకీ పేజీకీ మధ్య నూనె కాగితం పెట్టి, పైన బరువులు పెట్టి, మర్నాటిదాకా ముట్టుకోవద్దన్నాడు. ఒకసారి కట్టర్ పక్కకి వాలిందని స్కేలు తీసుకుని వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. “నిలబెట్టి పట్టుకో! ఒక్కసారే లోతుగా కొయ్యకు, అదే గీత మీద నాలుగుసార్లు పో!” నలభై ఏడేళ్ళ మనిషి, వేళ్ళు చంకలో పెట్టుకుని “సరేనండీ” అంది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ, ఎర్రగా కమిలిన ఆ వేళ్ళని తనే రెండుమూడు సార్లు చూసుకుంది. సంతోషంగా ఉంది. నాకు ఆ సంతోషం చూస్తే అసహ్యం వేసింది, జాలీ వేసింది.

చివరి పాఠం ఫొటోల గురించి. “ఫొటోకి జిగురు పెట్టకు. నాలుగు మూలలకీ కాగితంతో చిన్న జేబులు మడిచి అంటించు, ఫొటో వాటిలో దూర్చు. ఫొటో అన్నది ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావాలి.”

ఈ ఒక్కటీ మా ఆవిడ చెవిన పెట్టలేదు. “నలభై ఫొటోలకి నూట అరవై జేబులు! ఎవరు మడుస్తారు? అయినా బయటికి ఎందుకు రావాలి? ఒకటి దిండు కింద, ఒకటి బాత్రూంలో. వెతకలేక చస్తున్నాను” అంది.

“వెనక ఏదో రాసుకున్నాడు కదా” అన్నాను నేను.

“ఆ కోడిగీతలు ఎవరు చూస్తారండీ? ముందువైపు నేను అందంగా రాస్తాగా.”

నేను ఇంకో మాట అనాల్సింది. వీధి చివరే జిరాక్సు షాపు ఉంది, వెనకవైపులు కాపీ తీయించి ఉంచుదామని చెప్పాల్సింది. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ ‘పనికిరాడు’ అన్న మాట నేనింకా మరిచిపోలేదు. మామయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుండగా పెట్టె తెచ్చి, నా ఫొటో నేనే ఏరి, దాని వెనక నా చేత్తోనే జిగురు పులిమాను. పెన్సిల్ గీతలు తెల్లటి పొర కింద మునిగిపోతుంటే హాయిగా అనిపించింది. తర్వాత మిగతా ముప్పై తొమ్మిదీ ఆవిడ జిగురు పూసింది, నేను నొక్కాను. అత్తయ్య కింద రంగు పెన్నుతో “చెరగని చిరునవ్వు” అని రాసింది. తన అన్నగారి ఫొటో కింద “మధుర క్షణాలు” అని రాసింది. పేర్లు రాయవా అని అడిగితే, “మనకి తెలీదా?” అంది.

పుట్టినరోజున బావమరిది కుటుంబం, ఇంకో పదిమంది చుట్టాలు వచ్చారు. అంతకుముందు నాలుగు రోజులూ మామయ్య పెట్టె కోసం ఇల్లంతా తిరిగాడు. మంచం కింద చూశాడు, బియ్యం డబ్బాలో చేయి పెట్టి చూశాడు. “మంచి కానుక వస్తుందిలే నాన్నా” అని మా ఆవిడ నవ్వుతూ తప్పించుకుంది.

అందరి ముందూ ఆల్బమ్ ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఫొటోలు చూడలేదు. బొటనవేలితో వీపు నిమిరాడు. అంచు కంటి ఎత్తుకి లేపి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండట్టలూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. మా ఆవిడ ఊపిరి బిగపట్టింది. వీపు చెక్కుచెదరలేదు.

“బాగుంది. పని తెలిసినవాళ్ళ చెయ్యి. ఎవరు చేశారు?” అన్నాడు.

ముప్పై ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట. మా ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. “నేనే నాన్నా!”

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. మర్యాదగా నవ్వాడు, కొత్తవాళ్ళని చూసి నవ్వినట్టు.

“నేనెవర్ని నాన్నా? చెప్పు, అందరూ వింటున్నారు.”

ఆయన గబగబా పేజీలు తిప్పాడు. ఆవిడ ఫొటో దొరికింది. ముఖమూ ముఖమూ పోల్చి చూసుకున్నాడు. ఫొటో తిప్పబోయాడు. అది రాలేదు. గోరు అంచు కింద పెట్టి గీకాడు. ఆవిడ ఆయన చేతి మీద చెళ్ళున కొట్టింది. “పాడుచేయకు! పాతిక రోజుల కష్టం!”

బావమరిది ముందుకు వంగి, “నేనెవర్ని నాన్నా?” అన్నాడు. మామయ్య చేయి జేబులోకి వెళ్ళి ఖాళీగా వచ్చింది. అత్తయ్య పేజీ తెరిచి, “ఈవిడ ఎక్కడుంది? ఈవిడనడిగితే చెప్తుంది. పిలవండి” అన్నాడు. “పిలవరేం? ఎక్కడికెళ్ళింది?” అని మళ్ళీ అడిగాడు. చివరికి ఎవరో పోయిందని చెప్పారు. ఆయన అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. కాసేపటికి మరిచిపోయి మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పారు, మళ్ళీ ఏడ్చాడు.

“మొన్నటిదాకా నన్ను చూడగానే పెద్దోడా అనేవాడు. ఏం చేశారు బావా మీరు?” అన్నాడు బావమరిది. నేను కేకు ముక్కలు పంచడానికి లేచాను.

మర్నాడు ఉదయం వాళ్ళని బస్సెక్కించి వచ్చేసరికి మామయ్య కిటికీ పక్కన ఉన్నాడు. చేతిలో కట్టర్ ఉంది. ఫొటోల ముఖాలకి దెబ్బ తగలకుండా, ఒక్కో పేజీని వెనకనుంచి పొరలు పొరలుగా ఒలుస్తున్నాడు. వేలు తడిచేసుకుని, అట్ట నాననిచ్చి, గీకి తీస్తున్నాడు. ఎంత నేర్పుగా చేస్తున్నాడంటే ఒక్క ఫొటో కూడా చిరగలేదు. నేల నిండా బూడిదరంగు పేలికలు. ఆల్బమ్ అనేది ఇక లేదు.

మా ఆవిడ గుమ్మంలోనే చేతిసంచీ జారవిడిచింది. “చిన్నప్పుడూ ఇంతే! ఇప్పుడూ ఇంతే! నేను చేసిందేదీ నీ కళ్ళముందు ఉండకూడదు కదూ!” అని అరుస్తూ వెళ్ళి, బల్ల మీద స్కేలు అందుకుని ఆయన వేళ్ళ మీద కొట్టింది. ఒకసారి కాదు. నేను ఆపలేదు. ఆయన కట్టర్ వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని, తలవంచుకుని కూర్చున్నాడు.

ఆవిడ అలిసిపోయి ఆగాక, ఆయన మెల్లిగా ఒక ఫొటో తీసి చాచాడు. అది ఆవిడదే.

“అమ్మా, కోపం తెచ్చుకోకండి. మీకు చదువొచ్చా? దీని వెనక ఏదో రాసుండాలి. నా కళ్ళకి ఆనట్లేదు. కాస్త చదివిపెడతారా?”

తండ్రి తనని ‘మీరు’ అనడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఫొటో తీసుకుంది. వెనక ఎండిన జిగురు, దానికి అంటిన అట్ట నూగు. వెలుతురుకి తిప్పి చూసింది. గోటితో గీకింది. అప్పుడు అర్థమైంది ఆవిడకి, ఆయన దేనికోసం ఒలుస్తున్నాడో. నావైపు చూసింది, మీకు తెలుసా అన్నట్టు. మూడు ఫొటోల వెనక రాసింది మాత్రమే నాకు తెలుసు. ఆవిడ గురించి రాసింది నాకు తెలియదు.

“ఏమీ లేదు నాన్నా” అంది.

“ఏమీ లేదా?” ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “అయితే మనకి కావలసినవాళ్ళు కాదులెండి.”

ఆవిడ చేతిలోంచి ఫొటో తీసుకుని, కాళ్ళ దగ్గరి చెత్తలో పడేసి, ఇంకో పేజీ అందుకున్నాడు.