పదకొండు గంటలకు రావాల్సిన టీచరమ్మ

మా వీధి టీచరమ్మ ఆదివారం ఉదయం ఆరుంబావుకు చిత్తూరు ఆసుపత్రిలో చనిపోయారు. గుండెపోటు. సోమవారం పదకొండు గంటలకు ఆమె మా అమ్మాయి వెంట పరీక్షల ఆఫీసుకు రావాల్సి ఉంది.

మా అమ్మాయి పదో తరగతి. డిస్లెక్సియా ఉంది. విన్న పాఠం పొల్లుపోకుండా చెబుతుంది. అదే పాఠం పుస్తకంలో చూపిస్తే మూడో లైను దాటదు. ప్రశ్న చదివి వినిపించి, చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషిని ఇస్తే తప్ప పరీక్ష గట్టెక్కదు. టీచరమ్మ ఈ సంగతే రాసిచ్చిన కాగితం చూసి, "రాసినామె వచ్చి చెప్పాల. అప్పుడు చూస్తాం" అన్నాడు అధికారి.

నేను వార్తలు రాసి బతికేవాణ్ణి. కూతురు చదవకపోతే పొగరనుకున్నాను. నాలుగో తరగతిలో ఒకే పేజీ ఇరవైసార్లు రాయించాను. కొట్టాను. తిరుమల తీసుకెళ్లి గుండు చేయించాను. అమ్మాయి గుండు చూసే టీచరమ్మ నన్ను వాళ్లింటి గేటు దగ్గర ఆపారు.

"ఏమప్పా, జుట్టు తీసుకోని చదువు ఇస్తానన్నాడా దేవుడు?"

"యాడ టీచరమ్మా, రెండుసార్లు మొక్కినాను."

"మొక్కింది చాల్లే. బుద్ధి తక్కువ బిడ్డ కాదబ్బా ఇది. దీనికి చదువు చెవిలో నుంచి పోతాది. ఆ దోవ మూసేసి కొడితే యాడికి పోతాది?"

ఆ సాయంత్రమే పళ్లెంలో రాగిపిండి పరిచి, అమ్మాయి వేలు పట్టుకుని అక్షరాలు రాయించారు. తర్వాత ఏటా పాఠ్యపుస్తకాలన్నీ చదివి క్యాసెట్లలో రికార్డు చేశారు. ఆ క్యాసెట్లలో కుక్కర్ కూత, పూతలపట్టు బస్సు హారను కూడా ఉంటాయి. ఎక్కడైనా తడబడితే టేపు ఆపేవారు కాదు. "సూడు, నేనూ తప్పు చదివినా" అని నవ్వేవారు. "నాకు రాదు" అనే మాట మాత్రం అమ్మాయి నోట రానిచ్చేవారు కాదు.

శనివారం సాయంత్రం సాంఘికశాస్త్రం చివరి పాఠం సగంలో దగ్గు వచ్చింది. "మిగతాది రేపు సదువుతా" అన్నారు. అదీ టేపులో ఉంది.

చావు కబురు తెలిశాక అధికారికి ఫోన్ చేశాను. "అయ్యో" అన్నాడు. "ఇంకో టీచరెవరైనా ఉండారా?"

లేరన్నాను. బడిలో అందరూ మా అమ్మాయిని మొద్దు అన్నవాళ్లే.

"సోమవారమే ఆఖరప్పా. నా చేతిలో ఏమీ లేదు."

అమ్మాయి పక్కనే నిలబడి వింటోంది. "నాయనా, టీచరమ్మను ఎప్పుడు తీసకపోతారు?" అంది.

వాళ్లింట్లో కనుక్కుని వచ్చాను.

సోమవారం పదకొండు గంటలకు టీచరమ్మను తీసుకెళ్తారు. సోమవారం పదకొండు గంటలకు ఆఫీసులో మా అమ్మాయి పేరు పిలుస్తారు. మేం ఆఫీసుకే వెళ్తున్నాం. అమ్మాయి తన సంచిలో టేప్ రికార్డరు పెట్టుకుంది, అందులో ఆ సగం క్యాసెట్టు ఉంది.