కొంగ కన్ను

మా బావది పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో. ముప్పై ఏళ్ళుగా జనాన్ని తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి "గడ్డం కొంచెం పైకి" అంటూ బతికిన మనిషి. యాభై దాటాక పక్షుల పిచ్చి పట్టింది.

పోయిన నెల పొగమంచులో కాలువగట్టున ఒక తెల్లకొంగను తీశాడు. రంగుల్లో ఒకటి, నలుపు తెలుపుల్లో ఒకటి ప్రింటు వేసి, వంటింటి గోడకు అంటించాడు. ఏది ఫ్రేము కట్టించాలో తేలక వారంపాటు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పొద్దున "రంగులోనే ప్రాణం ఉందిరా" అంటాడు. సాయంత్రానికి "రంగు ఉత్త మాయరా" అంటాడు.

నాకు ఒళ్ళుమండింది. "బావా, అసలు ఇందులో రంగుది ఏది?"

ఎడమవైపుది చూపించాడు. తర్వాత కుడివైపుది చూపించాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అక్క గరిటతో సహా వచ్చి చూసింది. "మంచు బూడిదరంగు, కొంగ తెలుపు, ముక్కు నలుపు, సరే. కొంగ కళ్ళు పసుపుగా ఉంటాయి కదండీ, రెండింట్లోనూ నల్లగా ఉన్నాయేం?"

ఫ్లాష్ పడి ఎర్రబడ్డ కళ్ళను నల్లగా దిద్దడం బావ చేతికి ముప్పై ఏళ్ళ అలవాటు. ప్రింటుకు ముందు కొంగ కంటినీ అలాగే దిద్దేశాడు.

మర్నాడు మళ్ళీ కాలువగట్టుకు వెళ్ళి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"కొంగ కనబడలేదా?"

"కనబడింది. కన్ను పసుపే."

"మరి తీశావా?"

"కెమెరా ఎత్తి, నోరుజారి 'గడ్డం కొంచెం పైకి' అన్నానురా. ఎగిరిపోయింది."