మానేసినవాళ్ళ గడి

కోవిడ్ సద్దుమణిగిన రెండో ఏడాది, చలికాలం. బీదర్‌లో భాల్కి రోడ్డు మీదున్న మా కాలేజీకి పీర్ టీమ్ వస్తోందని కబురొచ్చింది. జనం మాది మిలిటరీ కాలేజీ అంటారు గానీ అది సర్కారు సైన్యానిది కాదు. రిటైరైన అధికారులు నడిపే హాస్టల్ కాలేజీ. పిల్లలు డిగ్రీ చదువుతూ సైన్యంలో చేరడానికి శిక్షణ తీసుకుంటారు. వాళ్ళను క్యాడెట్లంటాం. పీర్ టీమ్ అంటే కాలేజీ నాణ్యత చూసి గ్రేడ్ ఇవ్వడానికి బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్ల బృందం. నేను చాలా ఏళ్ళుగా అక్కడ క్వాలిటీ సెల్‌లో పని చేస్తున్నాను. పేరు గొప్పదే. రెండు బల్లలు, ఒక ప్రింటరు, దానితో పోట్లాడుతూ నేను.

పీర్ టీమ్ వస్తుందంటే కాలేజీలో పెళ్ళి హడావిడి. గోడలకు రంగు, కుండీలకు ఎర్ర జాజు, బాత్రూముల్లో కొత్త సబ్బులు. కదలకుండా నిలబడితే నాకు కూడా సున్నం కొట్టేస్తారేమో అనిపించింది. మా ప్రిన్సిపాల్ రిటైర్డ్ కర్నల్. ఉత్తరాది మనిషి, చేరి ఏడాది కూడా కాలేదు. గ్రేడ్ తగ్గితే అడ్మిషన్లు పడిపోతాయని ఆయన భయం. అది తప్పుడు భయమేమీ కాదు. సర్వీసులో తెలుగు జవాన్ల దగ్గర నేర్చుకున్న రా, పో, తిన్నవా లాంటి మాటలు నాలుగుండేవి ఆయన దగ్గర. సందు దొరికితే వాటిని వాడేవారు.

మా పనిలో ప్రతి బ్యాచ్‌కీ ఒక పట్టిక ఉంటుంది. అందులో మూడు గడులు. పాసైనవారు, ఫెయిలైనవారు, డిస్కంటిన్యూ అయినవారు. డిస్కంటిన్యూ అంటే మధ్యలో మానేసినవారు. పరీక్ష ఫీజు కట్టక, కాలేజీకి రాక, టీసీ కూడా అడగనివాడు తనంతట తానే మూడో గడిలో పడతాడు. ఆఫీసువాళ్ళు అంకె ఇస్తారు, నేను పట్టికలో వేస్తాను. అంకెకు మొహం ఉండదు కదా. అంతకుముందు ఏడాది బయటికెళ్ళిన బ్యాచ్‌ను కర్నల్ సాబ్ నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారు. అందులో ఫెయిలైనవాడు ఒక్కడూ లేడు. మానేసినవాడు ఒక్కడే.

పీర్ టీమ్ తల్లిదండ్రులతో కూడా మాట్లాడుతుంది. మా పిల్లల్లో చాలామంది దూరాల నుంచి వచ్చినవాళ్ళు. అందుకని అడ్మిషన్ రిజిస్టర్లో దగ్గరి ఊళ్ళవాళ్ళ నంబర్లు వెతికి ఫోన్లు చేశాను. కమఠాణ నుంచి నాగేశ్ అనే అబ్బాయి తల్లి ఎత్తింది. పేరు శంకరమ్మ. "మీ అబ్బాయి చదివిన కాలేజి గురించి పెద్ద సార్లకు నాలుగు మాటలు చెప్పాలమ్మా, వస్తరా?" అని అడిగాను. "మావోని గురించి అడుగుతరా అక్కా? వస్త" అంది. మొగుడు కంది కోతలో ఉన్నాడని తానొక్కతే వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పులు హాలు బయటే విడిచి వచ్చి కూర్చుంది.

టీమ్ చైర్మన్ ఒకప్పుడు వైస్ చాన్సలర్‌గా చేసిన పెద్దమనిషి. మంచాయనే. శంకరమ్మకు బజారు హిందీ వచ్చు గానీ ఆయన హిందీ గ్రంథాల్లోంచి లేచి వచ్చినట్టుంటుంది. అందుకని మధ్యలో నేను నిలబడ్డాను. ఆమె కొడుకు పేరు, బ్యాచ్ చెప్పగానే ఆయన తెర మీది పట్టిక వైపు చూసి, పాసైనవాళ్ళ పేర్లున్న కాగితాలు తిరగేసి, ముందుకు వంగారు.

"అయితే మానేసిన అబ్బాయి ఇతనేనన్నమాట. ఇలాంటి తల్లిదండ్రుల్ని ఏ కాలేజీ మా ముందుకు తేదు. ఎందుకు మానేశాడో అడగండి. భయపడకుండా చెప్పమనండి."

కర్నల్ సాబ్ నన్ను కొరకొరా చూశారు. ఏరి కోరి ఈమెనే పిలిచావా అన్నట్టు. నేను శంకరమ్మ వైపు తిరిగాను. "మీ నాగేశ్ చదువు నడుమల ఎందుకు మానేసిండో సార్ అడుగుతుండ్రు."

ఆమె నా మొహంలోకి చూసింది. "మానేసుడేందక్కా? మావోడు పోయిండు గద."

నేను నోరు తెరిచేలోపు కర్నల్ సాబ్ అందుకున్నారు. ఆయనకు వచ్చిన మాటే మరి. "అవును సర్. పోయిండు అంటే వెళ్ళిపోయాడని."

"ఎక్కడికి?" అన్నారు చైర్మన్, పెన్ను పట్టుకుని. "వేరే కాలేజీకా, ఉద్యోగానికా?"

మన భాషలో ఊరికి పోయినా పోవడమే, ప్రాణం పోయినా పోవడమే. అయినా ఎవరూ తికమకపడరు, గొంతు చెప్పేస్తుంది. ఆమె చివర్న అన్న ఆ "గద" వినగానే నాకు సంగతి అర్థమైంది. మాకు తెలుసనే ఆమె అనుకుంది. తెలిసే పిలిచాం, వాణ్ణి తలుచుకోవడానికే పిలిచాం అనుకుని అంత దూరం వచ్చింది.

"సర్, ఆమె అంటున్నది వెళ్ళిపోయాడని కాదు," అన్నాను. "ఆ అబ్బాయి చనిపోయాడు."

ఎట్లా జరిగిందని చైర్మన్ మెల్లగా అడిగించారు.

"సెలవులకు వచ్చిండు. కండ్లు పచ్చగున్నయి. కామెర్లన్నరు. పసరు తాగిపిచ్చినం, తగ్గలే. బీదర్ దవాఖానకు తెచ్చినం. ఆడ పండుకోని గూడ, అమ్మా, సోమవారం హాజరియ్యాలె, నా డ్రెస్సు ఇస్త్రీ చేపిచ్చి పెట్టు అన్నడు. చేపిచ్చిన. ఆ డ్రెస్సు తొడిగే సాగనంపినం. మా ఆయన వచ్చి మీ గేటుకాడ చెప్పిండు. పోరని పెట్టె గూడ తెచ్చుకున్నడు."

గేటు దగ్గర చెప్పిన మాట గేటు దగ్గరే ఆగిపోయింది. హాస్టల్ పిల్లలకు తెలిసినా కాగితం మీదికెక్కలేదు, ఆఫీసుదాకా రాలేదు. ఆమె తెర వైపు చెయ్యి చూపించింది. "గందుల మావోన్ని ఏమని రాసిండ్రక్కా?"

అబద్ధం చెప్పే అవకాశం నాకుంది. నోరు రాలేదు. మూడు గడుల సంగతీ చెప్పి, "మానేసినోళ్లల్ల రాసిండ్రు" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. నాతో కాదు, నేరుగా చైర్మన్‌తో మాట్లాడింది. "అట్ల రాయకుండ్రి సార్. పొద్దుగాల పరుగులకు తాళలేక ఇంటికి ఉరికొచ్చినోళ్లు ఉంటరు. మావోడు గా లెక్కలోడు గాదు. పాసైనోళ్లల్ల రాయుమని అడుగుత లేను. ఫెయిలైనోళ్లల్లనన్న రాయుండ్రి. ఫెయిలైనోడంటే ఆఖరిదాంక ఉన్నోడే గద."

నేను ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చి ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చీర కొంగుతో తుడుచుకుని మిగతాది చెప్పాను.

"పరీక్ష రాయని అబ్బాయిని ఫెయిలని రాయడానికి లేదమ్మా," అన్నారు చైర్మన్.

"వాడుంటే పరీక్ష రాస్తుండె సార్," అంది శంకరమ్మ.

కర్నల్ సాబ్ కుర్చీలోంచి లేచారు. ఫెయిల్ సున్నా అన్న ఆయన గొప్ప గురించి ఏమైనా అంటారేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం ఆమె కూర్చునేవరకూ నిటారుగా అట్లాగే నిలబడ్డారు. ఆ పూట నుంచి ఆయన మీద నాకున్న పాత కోపాలు చాలా తగ్గాయి.

గడి మార్పించడానికి నేను చేయని ప్రయత్నం లేదు. చైర్మన్ కూడా పైవాళ్ళకు రాశారు. పోర్టల్‌లో మూడు గడులే ఉన్నాయి, నాలుగోది లేదు, దగ్గరగా ఉన్నదాంట్లో వేయండి అని జవాబొచ్చింది. దగ్గర అన్న మాటను రెండుమూడు సార్లు చదివాను. మాకు మంచి గ్రేడే వచ్చింది.

ఈ సంగతి ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు. కమఠాణకు వెళ్ళాను. శంకరమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. చాయ్ ఇచ్చింది. జరిగినదంతా విని, చేట పక్కన పెట్టింది.

"అయితే మావోడు మానేసినోడే అన్నట్టు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాను. ఇంటి బయటికొచ్చి బస్సు కోసం నిలబడితే ఆమె నా వెనకే వచ్చి, బస్సు వచ్చేదాకా నాతోపాటు నిలబడింది.

అప్పటి నుంచి నా పనిలో ఒక్కటి మారింది. ఎవరు అంకె ఇచ్చినా సరే, మూడో గడిలో వేసే ముందు ఆ ఇంటికి నేనే ఫోన్ చేస్తాను. కొత్తగా చేరినవాళ్ళకు కూడా అదే నేర్పుతాను. వేరే కాలేజీల వాళ్ళు పట్టికలు ఎట్లా నింపాలని అడిగితే ముందు ఇదే చెబుతాను. కొందరు నవ్వుతారు. నవ్వుకోనీ.

ఈ ఏడు భాల్కి వైపు అబ్బాయి ఒకడు ఆ గడిలోకి వచ్చాడు. ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. ఆగిపోతే మళ్ళీ చేశాను. ఎంతసేపటికో ఎత్తాడు. వెనక బండి ఇంజను చప్పుడు.

"ఎవరూ?"

"కాలేజి నుంచి బిడ్డా. చదువు మానేసినవా?"

"ఆఁ, మానేసిన మేడం. మా మామ గ్యారేజిల చేస్తున్న. గా పరుగులు నాతోని గావు. తిట్టకుండ్రి."

మానేసేవాళ్ళను తగ్గించడానికే నాకు జీతమిస్తారు. వాడికి బుద్ధి చెప్పాలి, మళ్ళీ రమ్మనాలి. నేను బల్ల మీద మోచేతులు ఆనించి, వాడి వెనకాల ఇంజను ఆగేదాకా వింటూ కూర్చున్నాను.

"ఎందుకు తిడుత బిడ్డా," అన్నాను. "మానేసినవ్, గంతే గద."